లేరన్నవారికి లెక్క చెప్పిన సురవరం

సైన్సు చదివే మావంటి వాళ్లకు చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు. పరీక్ష రాసిన మర్నాడు మరిచిపోయే సరుకు. అటువంటి బి.ఎస్సీ. విద్యార్థి సావనీరులో ఒక చరిత్రకారుని జీవితం రాయడమేందని మిత్రులు అడగవచ్చు. ఆ చరిత్రకారుడు మన గద్వాల మట్టిలో పుట్టినవాడు. మన వనపర్తి ఓటర్లు ఎన్నుకోగా శాసనసభకు వెళ్లినవాడు. అంతకన్న ముఖ్యంగా, నాగలి పట్టినవాళ్ల ఇళ్లకు కూడా ఒక చరిత్ర ఉంటుందని పుస్తకం రాసి చూపినవాడు. ఆయనే సురవరం ప్రతాపరెడ్డి.

1896లో రెండు సంగతులు జరిగినవి. మే 28న, నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో నారాయణరెడ్డి, రంగమ్మ దంపతులకు ప్రతాపరెడ్డి జన్మించారు. సొంత ఊరు ఇటిక్యాలపాడు. అదే సంవత్సరం ఈజిప్టులోని థీబ్స్ శిథిలాలలో ఫ్లిండర్స్ పెట్రీ అనే ఇంగ్లీషు పురావస్తు శాస్త్రవేత్త ఒక పెద్ద రాతిశాసనాన్ని వెలికితీశాడు. అది మెర్నెప్తా అనే ఫరో క్రీ.పూ. 1208 ప్రాంతంలో వేయించిన విజయశాసనం. తాను ఓడించినవారి జాబితాలో ఆ రాజు ఇశ్రాయేలు అనే ఒక జనం పేరు కూడా చేర్చి, వారి విత్తనం కూడా మిగలలేదని చాటుకున్నాడు. బైబిలుకు బయట ఇశ్రాయేలు పేరు నిస్సందేహంగా కనిపించే అతి పాత రాత అదేనని పండితుల మాట. విచిత్రమేమంటే, ఆ జనం ఉన్నదని లోకానికి తెలిపే మొదటి సాక్ష్యం, ఆ జనం ఇక లేదని చెప్పిన మాటే!

ఈ రెండు సంగతులకూ నేరుగా ఏ సంబంధమూ లేదు. సురవరం ఇశ్రాయేలు మీద పుస్తకమేదీ రాయలేదు. కాని లేరు అనిపించుకున్న జనం ఏం చేయాలి అనే ప్రశ్న రెండు చోట్లా ఒకటే. అందుకే ముందుగా ఆ దూరదేశపు సంగతి కొంచెం చెప్పి మన ఊరికి వస్తాను.

ఇశ్రాయేలు చిన్న జనం. ఒక పక్క ఈజిప్టు, మరో పక్క అస్సీరియా, బాబిలోనియా. రెండు ఏనుగుల నడుమ లేగదూడ వంటి బతుకు. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఉత్తరపు రాజ్యాన్ని అస్సీరియా మింగింది. క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేమును, అందులోని దేవాలయాన్ని బాబిలోనియా సైన్యం కూల్చి, పెద్దలను చెరపట్టుకొని పోయింది. రాజు పోయాడు, కోట పోయింది, గుడి పోయింది. మిగిలింది జ్ఞాపకం. ఆ జ్ఞాపకాన్ని, అంటే తాతల కథలు, చట్టాలు, పాటలు, ప్రవక్తల కోపాలు అన్నిటినీ వాళ్లు చేర్చి, కూర్చి, రాసి పెట్టుకున్నారు. గెలిచిన సామ్రాజ్యాలు మట్టిలో కలిసి పలుగు పారలకు పనికివచ్చినవి. ఓడిన జనం పుస్తకం మాత్రం ఇళ్లలో చదవబడుతూ వచ్చింది.

పాశ్చాత్యుల ఆలోచన ఎక్కడినుండి పుట్టింది అని వెతికేవాళ్లు రెండు మూలాలు చెప్తారు. ఒకటి గ్రీసు, రెండోది ఇశ్రాయేలు. కృష్ణా తుంగభద్రల నడుమ మన నడిగడ్డ ఉన్నట్లు, ఈ రెండు ఏర్ల నడుమ యూరపు ఆలోచన పెరిగింది. తర్కం, గణితం, ప్రజాసభ గ్రీసునుండి వచ్చినవి. రాజు కంటె ధర్మం పెద్దది, ఏడు దినాలలో ఒక దినం కూలివానికీ కాడెద్దుకూ విశ్రాంతి ఉండాలి అనేవి ఇశ్రాయేలునుండి వచ్చినవి. మనం ఆదివారం కళాశాలకు సెలవు తీసుకుంటున్నామంటే, చాలా చేతులు మారివచ్చిన ఆ పాత కట్టుబాటులో మనకూ ఒక పాలు ముట్టినట్లే.

ఇక మన ఊరికి వద్దాం. ప్రతాపరెడ్డి పుట్టిననాటికి అలంపురం తాలూకా నిజాం రాజ్యంలో, రాయచూరు జిల్లాలో ఉండేది. తుంగభద్ర దాటితే కర్నూలు. అది ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాజధానిలోనిది. ఏటికి ఈ పక్క దర్బారు భాష ఉర్దూ, ఆ పక్క ఇంగ్లీషు. రెండు పక్కలా పొలంలో మాట్లాడేది తెలుగు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొన్న ప్రతాపరెడ్డి ఏరు దాటి కర్నూలులో చదువుకున్నారు. అక్కడే వెల్లాల శంకరశాస్త్రి వద్ద సంస్కృతం నేర్చారు. తర్వాత హైదరాబాదు నిజాం కళాశాల, ఆపైన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల. బి.ఏ., బి.ఎల్. పట్టాలు పొందారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఫార్సీ, ఇంగ్లీషు ఎరిగిన వకీలు. కోర్టులో నిలబడితే డబ్బుకు కొదవ ఉండేది కాదు. కాని వకాలతు ఆయనను ఎక్కువ కాలం పట్టి ఉంచలేదు.

వనపర్తి సంస్థానంలో పుట్టి హైదరాబాదు నగర కొత్వాలుగా ఎదిగిన రాజా బహద్దూరు వెంకటరామారెడ్డి పల్లెల పిల్లల చదువు కోసం రెడ్డి హాస్టలు స్థాపించి ఉన్నారు. సురవరం ఆ హాస్టలుకు కార్యదర్శిగా పనిచేస్తూ అక్కడి గ్రంథాలయాన్ని వేల పుస్తకాలతో నింపారు. హాస్టలు అంటే తిండి, మంచం అని మనం అనుకుంటాం. పల్లెనుండి వచ్చిన పిల్లవానికి అన్నం ఎంత అవసరమో పుస్తకం అంతే అవసరమని ఆయన లెక్క.

1926 మే 10న గోలకొండ పత్రిక వెలువడింది. వారానికి రెండుసార్లు వచ్చే ఆ పత్రికకు సురవరం సంపాదకుడు. ఆనాటి పరిస్థితి కొంచెం తలుచుకోవాలి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. కచేరీలో అర్జీ ఉర్దూలో. రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ, కాని తమ భాషలో చదువు లేదు, కొలువు లేదు. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. అటువంటి కాలంలో సర్కారు కంట్లో పడకుండా, పాఠకుని కంట్లో పడేటట్లు రాయడం కత్తిమీద సాము. వ్యాసాలు ఇచ్చేవాళ్లు తక్కువైనప్పుడు మారుపేర్లతో తానే రాసి పేజీలు నింపారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించింది కూడా ఆయనే.

ఇంతలో ఒక పండితుడు నిజాం రాష్ట్రంలో తెలుగు కవుల సంఖ్య సున్న అనే అర్థం వచ్చేటట్లు రాశాడు. ఆ మాట చదివినవాళ్లకు కోపం వచ్చింది. కోపం ఎవరికైనా వస్తుంది. సురవరం దానిని పనిగా మార్చారు. తిట్టుకు తిట్టు రాయలేదు. ఊరూరికీ కబురు పంపించి, ఎక్కడెక్కడి కవుల పద్యాలు, వివరాలు తెప్పించారు. 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చయింది. అందులో కవులు ఎందరు? 354 మంది! సున్న అన్నచోట 354. మా గణితం మాస్టార్లు కూడా మెచ్చుకొనే నిరూపణ ఇది. ఒక సిద్ధాంతం తప్పని తేల్చడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఆయన 354 చూపించారు.

ఆ కవులు నిన్న మొన్న మొలిచినవాళ్లు కారు. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలలో పండిత సభలు జరిగేవి. నాగర్‌కర్నూలు దగ్గరి నంది వడ్డెమానే పాతకాలపు వర్ధమానపురం. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి వంశంవారు ఏలిన చోటు అది. అంటే ఉన్నది. ఉన్నదని రాసిపెట్టినవాడు లేడు. ఈజిప్టు రాజు రాతిమీద లేరు అని చెక్కించినా ఇశ్రాయేలు తమ సంగతి తాము రాసుకొని బతికింది. మన సంగతి మనం రాసుకోకపోతే ఇతరులు వేసిన సున్నయే మిగులుతుంది. సంచిక చెప్పిన పాఠం ఇదేనని నా అభిప్రాయం.

రాసుకోవడం ఒక ఎత్తు. రాసినదానిని పరీక్షించడం మరో ఎత్తు. యూరపులో చాలా కాలం బైబిలు మొదటి ఐదు పుస్తకాలనూ మోషేయే రాశాడని నమ్మారు. 1670లో స్పినోజా అనే తత్త్వవేత్త, ఆ పుస్తకాలలో మోషే చావు సంగతి కూడా ఉన్నది గదా, అవన్నీ ఆయన ఒక్కడే ఎట్ల రాసి ఉంటాడని ప్రశ్నించాడు. ఆ పుస్తకం మీద తన పేరు వేసుకోవడానికి ఆయనకు వీలు లేకపోయింది. 1878లో వెల్‌హౌజెన్ అనే జర్మను పండితుడు, ఆ గ్రంథంలో వేర్వేరు కాలాల పొరలు ఉన్నవని వాదించి, ఇశ్రాయేలు చరిత్రను కొత్తగా అమర్చి చూపాడు. నాలుగేండ్ల తర్వాత, మతగురువులను తయారుచేసే శాఖలో ఇక ఉండలేనని తన ఆచార్య పదవినే వదులుకున్నాడు. ఆయన చెప్పినవన్నీ నేటి పండితులు ఒప్పుకోరు. కాని పవిత్రమైన గ్రంథాన్ని భక్తితో చదవడం ఒకటి, దానికి వయసెంత, ఏ ముక్క ఎప్పుడు చేరింది అని అడగడం మరొకటి అనేది అక్కడ స్థిరపడింది.

మన తెలుగులో అటువంటి ప్రశ్నలు అడిగినవాళ్లలో సురవరం ఒకరు. ఆయన రామాయణ విశేషములు అనే గ్రంథం రాశారు. రామాయణం ఏ కాలానిది, ప్రక్షిప్తాలు ఏవి, లంక ఎక్కడిది, వానరులు, రాక్షసులు అంటే ఎవరు అనే విచారణ అది. శ్రీరామనవమికి పందిరి వేసే ఊళ్లో పుట్టినవాడు ఈ ప్రశ్నలు అడగడానికి గుండె కావాలి. ఆయన రామాయణాన్ని తీసిపారవేయలేదు. నెత్తిన పెట్టుకొని కళ్లు మూసుకోనూ లేదు. చేతిలో పట్టుకొని చదివారు. హిందువుల పండుగల మీద రాసిన పుస్తకంలోనూ అదే పద్ధతి: ఈ పండుగ ఎందుకు, ఎప్పటినుండి అన్న ప్రశ్న. లాబొరేటరీలో మేము చేసేదీ అదే గదా. ద్రావణం రంగు మారిందని సంతోషిస్తే చాలదు, ఎందుకు మారిందో రికార్డులో రాయాలి.

ఇక ఆయన పేరు నిలిపిన పుస్తకం ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అది 1949లో వెలువడింది. తూర్పు చాళుక్యుల కాలంనుండి ఇరవయ్యో శతాబ్దం తొలి ఏండ్ల వరకు తెలుగువాళ్లు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పన్నులు కట్టారు, దేనికి భయపడ్డారు అన్నది అందులోని విషయం. రాజుల కథ మనకు అంతగా సంబంధించదని, జనం కథే మనదని ఆయన పట్టుదల. ఆధారాలు ఎక్కడివి? శాసనాలు చాలావరకు రాజుల దానధర్మాలు చెప్తాయి. అందుకని ఆయన కావ్యాలను దున్నారు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్ర, ఓరుగల్లు వీధులు చూపే క్రీడాభిరామం, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, శుకసప్తతి, హంసవింశతి వంటి గ్రంథాలనుండి ఒక్కొక్క మాట ఏరారు. పండితులు శృంగారం కోసమో ఛందస్సు కోసమో చదివే పద్యంలో ఆయనకు రైతు ఇల్లు కనిపించింది, పిల్లల ఆట కనిపించింది.

ఈ పనిలో ఆయనకు ఎదురైన పెద్ద చిక్కు నిఘంటువులు. పాత ఆట పేరు వెతికితే క్రీడావిశేషము అని ఉంటుంది. పిట్ట పేరు వెతికితే పక్షివిశేషము, చెట్టు పేరైతే వృక్షవిశేషము. అదేం ఆట, ఎట్ల ఆడతారు? చెప్పరు. ఎందుకంటే ఆ మాట తెలిసినవాళ్లు నిఘంటువులు రాయరు, నిఘంటువులు రాసేవాళ్లకు ఆ ఆట తెలియదు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా ఇల్లు గుర్తుకు వచ్చింది. మా నాయన వాడే పనిముట్లలో సగం పేర్లు నా పాఠ్యపుస్తకాలలో ఎక్కడా లేవు.

పొలంలో మాటలకు అంత విలువ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఒక్క ఉదాహరణ చెప్తాను. మన దిక్కు కోత అయినాక, పల్లికాయ పీకినాక, చేనులో మిగిలిన గింజలు, కాయలు పేదవాళ్లు ఏరుకుంటారు. దానిని పరిగె ఏరుకోవడం అంటాం. వద్దనడం మర్యాద కాదని మా అవ్వ చెప్పేది. ఇశ్రాయేలు చట్టంలో ఇదే ఉన్నది. చేను అంచుల దాకా కోయరాదు, రాలిన పరిగె ఏరుకోరాదు, అది పేదవానికీ పరదేశికీ వదలాలి అని. రూతు అనే పరదేశపు విధవ బేత్లెహేములో బోయజు చేనులో పరిగె ఏరుకొని అత్తను సాకింది. ఆమె మునిమనుమడే దావీదు రాజు అని వాళ్ల కథ. అదే గ్రంథంలో అహాబు రాజు, నాబోతు అనే రైతు ద్రాక్షతోట మీద కన్నువేసి, రాణి పన్నిన అబద్ధపు సాక్ష్యాలతో వాని ప్రాణం పోగా తోట తీసుకుంటాడు. ఏలీయా ప్రవక్త వచ్చి రాజును ముఖం మీదనే దోషి అంటాడు. రాజైనా చట్టానికి లోబడాలనే పెద్ద ఆలోచనకు, ఒక మూల ఒక రైతు తోట ఉన్నది. వెట్టి చాకిరీ, సంస్థానాల శిస్తులు చూసిన మన పల్లెలకు ఈ కథ కొత్తగా చెప్పనక్కరలేదు. పెద్ద భావాలు ఆకాశంనుండి ఊడిపడవు. చేనుగట్టు మీద, కల్లంలో, అప్పుపత్రం దగ్గర పుడతాయి. అందుకనే సాంఘిక చరిత్ర చిన్న విషయం కాదు.

సురవరం ఈ గ్రంథం మీద పనిచేస్తున్న కాలంలోనే, 1947 ప్రాంతంలో, మృతసముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహలో ఒక గొర్రెల కాపరికి పాత తోలు చుట్టలు దొరికినవి. అంతవరకు తెలిసిన హీబ్రూ బైబిలు ప్రతుల కంటె అవి సుమారు వెయ్యేండ్లు పాతవి. 1949లోనే లిబ్బీ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త, కార్బన్ 14తో పాత వస్తువుల వయసు లెక్కకట్టే పద్ధతిని తన తోటివారితో కలిసి ప్రకటించాడు. ఆ చుట్టలకు చుట్టిన నారబట్టను ఈ పద్ధతితోనే పరీక్షించగా సుమారు రెండువేల ఏండ్ల నాటిదని తేలింది. ఇశ్రాయేలు కొండలలో జరిగిన తవ్వకాలు, పరిశీలనల వల్ల క్రీ.పూ. 1200 తర్వాత వెలసిన వందల చిన్న పల్లెల జాడలు బయటపడినవి. గుట్టల మీద మెట్లు కట్టి సేద్యం చేసి, తొట్లలో వాననీరు పట్టుకున్న రైతులు వాళ్లు. గ్రంథం చెప్పనిది మట్టి చెప్పింది. సైన్సువాళ్లకు చరిత్రతో పనేమిటి అనే మిత్రులకు ఇది నా జవాబు.

ఈ దృష్టితో చూస్తే సురవరం గ్రంథానికి ఉన్న హద్దు కూడా తెలుస్తుంది. ఆయన చూసిన జనం చాలావరకు కవుల కళ్లతో కనిపించిన జనం. కావ్యంలో మాలమాదిగల గొంతు ఎంత? ఆడవాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నది ఎంత? కవికి వినిపించనిది చరిత్రకారునికి కావ్యంలో దొరకదు. ఇది ఆయనను తక్కువ చేయడం కాదు. ఒక్క మనిషి, పత్రిక నడుపుతూ, సభలు తిరుగుతూ, కొత్త చేను దున్ని మొదటి సాలు వేశాడు. మిగిలిన సాళ్లు వేయవలసినది తర్వాతివాళ్లు.

1952లో హైదరాబాదు రాష్ట్రంలో వయోజన ఓటుతో మొదటి ఎన్నికలు జరిగినప్పుడు సురవరం వనపర్తినుండి కాంగ్రెసు అభ్యర్థిగా గెలిచారు. జనం చరిత్ర రాసినవానిని జనం తమ ప్రతినిధిగా పంపారు. కాని ఎక్కువ కాలం దక్కలేదు. 1953 ఆగస్టు 25న, 57 ఏండ్లకే కన్నుమూశారు. మూడేండ్ల తర్వాత, 1956లో, ఆయన పుట్టిన తాలూకా మహబూబునగరం జిల్లాలో కలిసింది. అది ఆయన చూడలేదు. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో మొట్టమొదటిసారి బహుమతులు ఇచ్చినప్పుడు తెలుగులో ఆ గౌరవం ఆంధ్రుల సాంఘిక చరిత్రకు దక్కింది. అందుకోవడానికి ఆయన లేరు. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెడుతూ తెలంగాణ శాసనసభ చట్టం చేసింది.

పేరు పెట్టడం మంచిదే. పని కూడా మిగిలి ఉన్నది. 1981 ప్రాంతంలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణా తుంగభద్రల ఒడ్డున ఎన్నో పల్లెలు మునిగినవి. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ గుర్తు పెట్టి విప్పి, అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. గుడి రాళ్లకు అంకెలు వేశారు. ఆ పల్లెల పొలాల పేర్లకు, బావుల పేర్లకు, పాటలకు, ఆటలకు అంకెలు వేసినవారు ఎందరు? మునిగినది నీళ్లలోనే కాదు. ట్రాక్టరు వచ్చినాక నాగలి భాగాల పేర్లు పోతున్నవి. మోటారు వచ్చినాక మోటబావి మాటలు పోయినవి. ఇవి తెలిసినవాళ్లు ఇప్పుడు ఎనభై ఏండ్లవాళ్లు.

కనుక మిత్రులకు ఒక్క మనవి. 2016లో మన పాత జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేర్వేరు జిల్లాలు అయినా, మనమంతా ఆ ఊళ్లనుండి బస్సెక్కి వచ్చినవాళ్లమే. ఈ సెలవులలో ఒక వంద పేజీల నోటుబుక్కు కొనండి. ఇంట్లో అవ్వనో తాతనో కూర్చోబెట్టి, పనిముట్ల పేర్లు, విత్తనాల పేర్లు, ఆటల పేర్లు, మీ ఊరి చేన్ల పేర్లు అడిగి రాయండి. ఆట పేరు పక్కన అది ఎట్ల ఆడతారో కూడా రాయండి. విశేషము అని రాసి ఊరుకోవద్దు. కళాశాల తెరిచినాక ఆ నోటుబుక్కులు మన గ్రంథాలయంలో ఒక అరలో పెడదాం. రేపు ఎవరైనా వచ్చి ఈ దిక్కు ఏమున్నదని అడిగితే, కోపపడే పని లేకుండా ఆ అర చూపిస్తే చాలు.